అద్దం కొత్తది సరే, కెమెరా సంగతి చూశారా?

సంపాదకులకు నమస్కారం.

కొత్త కారు గురించి ఏ పత్రికలో రాసినా అడాస్, అంటే డ్రైవర్‌కు సాయపడే ఫీచర్ల చిట్టా తప్పకుండా కనిపిస్తుంది. లేన్ దాటితే హెచ్చరిస్తుందని, ముందున్న బండికి మరీ దగ్గరైతే తానే బ్రేకు వేస్తుందని, స్పీడ్ లిమిట్ బోర్డు చదివి చూపిస్తుందని రాస్తారు. వీటి కోసం రోడ్డును చూసే కెమెరా చాలా కార్లలో ముందు అద్దం లోపలివైపే ఉంటుంది. ఆ అద్దం పగిలి కొత్తది వేయించుకుంటే వీటన్నిటి గతేమిటన్నది మాత్రం ఎక్కడా ఉండదు. ఇవి ఖరీదైన కార్లకే పరిమితమైన రోజులు పోయాయి. ఐరోపా సమాఖ్యలోనైతే 2024 జూలై నుంచి అమ్మే కొత్త కార్లన్నిటికీ ఆటో బ్రేకు, లేన్‌లో నిలిపే వ్యవస్థ తప్పనిసరి. అందుకని అద్దాలు మార్చే పనిలో, బండి కంప్యూటర్‌ను పరీక్షించే స్కానర్ పనిలో ఉన్న మేం కొన్ని సంగతులు పాఠకుల ముందు పెడుతున్నాం.

ఎక్కువ ప్రమాదం ఒకే ఒక్క మాటలో ఉంది. ‘డ్యాష్‌బోర్డులో లైటేమీ వెలగలేదు కదా, అంతా బాగున్నట్టే’ అంటారు. అద్దం మార్చేవాళ్లూ అంటారు, బండి ఓనర్లూ అంటారు. కెమెరాకు కరెంటు అందుతోంది, ప్లగ్గు సరిగ్గా కూర్చుంది, బొమ్మ వస్తోంది అనే వరకే ఆ లైటు పూచీ. కొన్ని మోడళ్లు అద్దం మార్చాక క్యాలిబ్రేషన్ (కెమెరా చూసే కోణాన్ని కొలిచి సరిచేసే పని) అయ్యేదాకా ఫీచర్లను మూసేసి హెచ్చరిక చూపిస్తాయి. చాలా మోడళ్లు చూపించవు. కెమెరా అర డిగ్రీ వంగిందన్న సంగతి దానికి ఎవరూ చెప్పరు, పాత కోణంలోనే ఉన్నాననుకుని లెక్కలు వేసుకుంటూ పోతుంది.

అర డిగ్రీ ఏపాటిదో చూడండి. కెమెరా నేలకు 1.3 మీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. 50 మీటర్ల దూరంలో ఉన్న బండి చక్రాలు రోడ్డును తాకే చోటు దానికి క్షితిజరేఖ కంటే సుమారు 1.5 డిగ్రీల కిందుగా కనిపిస్తుంది. ఆ కోణాన్ని బట్టే దూరం తేలుతుంది. కొత్త అద్దం మీద కెమెరా అర డిగ్రీ కిందికి వాలిందంటే బొమ్మలో అదే బండి కాస్త పైకి జరిగి, 1 డిగ్రీ కిందుగా ఉన్నట్టు తోస్తుంది. అప్పుడు లెక్కకు వచ్చే దూరం 75 మీటర్లు. అర డిగ్రీ పైకి లేచిందంటే 2 డిగ్రీలు అనిపించి 37 మీటర్లే వస్తుంది. మొదటి తప్పులో బ్రేకు ఆలస్యమవుతుంది, రెండో తప్పులో ముందు బండి ఇంకా దూరంగా ఉండగానే ఉత్తపుణ్యానికి బ్రేకు పడుతుంది. నిజానికి సాఫ్ట్‌వేర్ ఇంత ముతకగా ఉండదు. ఎదుటి బండి వెడల్పుతో సరిచూసుకుంటుంది, రాడార్ ఉంటే దాని కొలతతో పోల్చుకుంటుంది. అయినా రెండు కొలతలు పొసగనప్పుడు ఏం చేయాలో తేల్చుకోలేక తడబడేది ఆ క్షణంలోనే. ఇక కెమెరా పక్కకు తిరిగితే సంగతి ఇంకా సులువుగా అర్థమవుతుంది. 1 డిగ్రీ తేడా 100 మీటర్ల దూరంలో 1.75 మీటర్లవుతుంది. లేన్ వెడల్పు 3.5 మీటర్లనుకుంటే సరిగ్గా సగం లేన్ అన్నమాట.

ఇంత తేడా అద్దం మారిస్తే ఎలా వస్తుందని అడుగుతారు. చాలా కార్లలో కెమెరా కూర్చునే బ్రాకెట్ అద్దానికి లోపలివైపు, రియర్‌వ్యూ అద్దం వెనక అతికించి ఉంటుంది. అంటే అద్దం ఎలా కూర్చుంటే కెమెరా అలా చూస్తుంది. అద్దాన్ని బాడీకి అతికించే పాలీయురెథేన్ గమ్ పూస మందం పైనా కిందా ఒక మిల్లీమీటరు తేడా పడితే అద్దం వాలులో వచ్చే మార్పు చాలా స్వల్పం, డిగ్రీలో పదోవంతు కూడా ఉండదు. అసలు తంటా బ్రాకెట్‌తో. పది సెంటీమీటర్ల బ్రాకెట్‌కు ఒక చివర ఒక్క మిల్లీమీటరు లేచిందంటే అర డిగ్రీ దాటిపోతుంది. పగిలిన అద్దం నుంచి బ్రాకెట్ ఊడదీసి, కొత్త అద్దానికి గమ్ముతో అంటించి ఇచ్చేవాళ్లున్నారు. అలాంటి పని ఒప్పుకోవద్దు. బ్రాకెట్ ఫ్యాక్టరీలోనే అతికించి వచ్చిన అద్దమే తీసుకోవాలి.

అద్దం ఎంపికలో కూడా పొరపాట్లు తక్కువేమీ కావు. ఒకే మోడల్‌కు నాలుగైదు రకాల అద్దాలు ఉండొచ్చు. రెయిన్ సెన్సర్ ఉన్నది, కెమెరా ముందు మంచు కరిగించే హీటర్ తీగలున్నది, శబ్దం తగ్గించే పొర ఉన్నది, అద్దం మీద స్పీడు కనిపించే హెచ్‌యూడీ కోసం మధ్య పొరను ఒకవైపు మందంగా చేసినది, ఇలా. పైకి చూస్తే అన్నీ ఒకటే. కాబట్టి మోడల్ పేరు, సంవత్సరం చెప్పి ఊరుకోకుండా ఛాసిస్ నంబరుతో పార్ట్ నంబరు తీయించాలి. కెమెరా చూసే భాగంలో అద్దం ఏమాత్రం అలలు అలలుగా ఉన్నా క్యాలిబ్రేషన్ పదే పదే ఫెయిలవుతుంది, లేదా పాసై తర్వాత రోడ్డు మీద తప్పులు చేస్తుంది. ఆ రెండోది ఇంకా చెడ్డది.

అద్దం పెట్టాక తొందర పనికిరాదు. పాలీయురెథేన్ గాలిలోని తేమతో గట్టిపడుతుంది. చలిగా, పొడిగా ఉంటే ఆలస్యం. ఎంతసేపు ఆగితే బండి కదపవచ్చో ఆ గమ్ కంపెనీ ఇచ్చే పట్టికలో ఉంటుంది, ఒక్కో రకానికి ఒక్కో లెక్క. చాలా కార్లలో పక్కసీటు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేటప్పుడు ఆనేది ఈ అద్దానికే కాబట్టి ఆ సమయం కెమెరా కోసం మాత్రమే కాదు. గమ్ పచ్చిగా ఉన్నప్పుడు కిటికీలన్నీ మూసి తలుపు గట్టిగా వేస్తే లోపలి గాలి ఒత్తిడికి అద్దం కదులుతుంది. ఒక కిటికీ కాస్త దించి ఉంచాలి. ఇది చిన్న జాగ్రత్తే, చేసేవాళ్లే తక్కువ.

క్యాలిబ్రేషన్ రెండు రకాలు. బండిని వర్క్‌షాపులో నిలబెట్టి ముందు టార్గెట్ బోర్డు (కెమెరా గుర్తుపట్టే గళ్లున్న పలక) పెట్టి చేసేది స్టాటిక్. స్కానర్ తగిలించి రోడ్డు మీద నడిపి చేసేది డైనమిక్. ఏది కావాలో కారు కంపెనీ సర్వీస్ మాన్యువల్ చెబుతుంది, కొన్నిటికి రెండూ ఒకదాని తర్వాత ఒకటి చేయాలి. మెకానిక్ తన వీలును బట్టి ఎంచుకునేది కాదు.

స్టాటిక్‌లో శ్రమంతా బోర్డు పెట్టకముందే. ముందు బండిని స్కాన్ చేసి, లోపాలను సూచించే ఫాల్ట్ కోడ్లు ఉన్నవన్నీ రాసుకోవాలి. డిక్కీలోని సామాను దించాలి. డ్రైవర్ తలుపు పక్కన స్టిక్కర్ మీద ఉన్నంత గాలి నాలుగు టైర్లలో కొట్టాలి. పెట్రోలు ట్యాంకు నిండుగా ఉండాలని కొన్ని కంపెనీలు పట్టుబడతాయి, ట్యాంకు బరువుకు వెనకభాగం ఎంత దిగితే కెమెరా అంత పైకి చూస్తుంది కదా. స్ప్రింగులు మార్చి ఎత్తు పెంచిన బండికీ, సైజు మార్చి టైర్లు వేసిన బండికీ కంపెనీ కొలతలు వర్తించవు. కెమెరా ముందున్న అద్దాన్ని లోపలివైపు శుభ్రంగా తుడవాలి, లెన్స్‌ను మాత్రం వేలితో ముట్టుకోకూడదు. బ్యాటరీకి చార్జర్ తగిలించాలి. ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి అరగంట పని చేస్తే వోల్టేజీ పడిపోయి ప్రక్రియ మధ్యలో ఆగిపోతుంది. స్టీరింగ్ నిటారుగా ఉండాలి, తలుపులు మూసి ఉండాలి, లోపల ఎవరూ కూర్చోకూడదు, ఎవరూ బండికి ఆనుకోకూడదు.

వీల్ అలైన్‌మెంట్ సంగతి విడిగా చెప్పాలి. వెనక చక్రాలు కొద్దిగా ఓ పక్కకు తిరిగి ఉంటే బండి బాడీ ఒకవైపు చూస్తూ మరోవైపు నడుస్తుంది. కెమెరాకు కావలసింది బండి నడిచే దిశ. అందుకే అలైన్‌మెంట్ ముందు, క్యాలిబ్రేషన్ తర్వాత. వరుస తారుమారైతే కెమెరా పని మళ్లీ మొదటికొస్తుంది.

బోర్డు దగ్గరే అసలు నేర్పు తెలుస్తుంది. నేల రసమట్టంతో చూసి సమంగా ఉండాలి. బండి మధ్యగీతను ముందు, వెనక ఎంబ్లమ్‌ల నుంచి ప్లంబ్ బాబ్ (దారానికి కట్టిన తూకపు గుండు) దించి, లేజర్‌తో నేల మీద గీయాలి. బోర్డు ఆ గీతకు నడిమధ్యన, లంబంగా, మాన్యువల్ చెప్పిన ఎత్తులో నిలవాలి. దూరం కొన్ని కంపెనీలకు ముందు చక్రం మధ్య నుంచి కొలవాలి, కొన్నిటికి బంపర్ నుంచి, కొన్నిటికి కెమెరా నుంచే. ఇది చూసుకోకుండా టేపు పట్టినవాళ్లు ఎంత జాగ్రత్తగా కొలిచినా ఫలితం తప్పే. కెమెరాకు 2 మీటర్ల దూరంలో ఉన్న బోర్డు 2 సెంటీమీటర్లు పక్కకు జరిగిందంటే 100 మీటర్ల దూరంలో ఒక మీటరు తప్పు వచ్చినట్టే. అదే బోర్డు 4 మీటర్ల దూరంలో ఉండి అంతే జరిగితే అర మీటరు. బోర్డు ఎంత దగ్గరుంటే కొలత అంత కచ్చితంగా ఉండాలి. చోటు ఇరుకుగా ఉండే షెడ్లలో జరిగేది దీనికి విరుద్ధం.

ఇంకో దుర్మార్గపు అలవాటు ఉంది. అసలు టార్గెట్ కొనకుండా దాని ఫొటో తీసి ఫ్లెక్సీ మీద ప్రింటు వేయించి వాడటం. ప్రింటులో సైజు ఒకటి రెండు శాతం మారినా కెమెరా దాన్ని దూరంలో తేడాగా చదువుతుంది. పైగా ఫ్లెక్సీ ముడతపడుతుంది, మెరుస్తుంది. మెరుపు మీద ట్యూబ్‌లైటు పడితే గళ్లలో ఒకటి కెమెరాకు కనిపించకుండా పోతుంది. బోర్డు వెనక గళ్ల టైల్స్ గోడో, చారల షట్టరో ఉన్నా కెమెరా వాటిని చూసి మోసపోతుంది. సాదా తెర కట్టాలి, ఎండ నేరుగా పడకూడదు.

ఇవన్నీ ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నామంటే, స్కానర్ మీద వచ్చే ‘పాస్’ అనే మాటను నమ్మి మోసపోవడం చాలా తేలిక. కెమెరాకు బోర్డు కనిపించింది, వచ్చిన కోణం తన హద్దుల్లో ఉంది అని మాత్రమే ఆ మాటకు అర్థం. బోర్డును మీరు సరైన చోట పెట్టారో లేదో స్కానర్‌కు తెలియదు. వంకరగా పెట్టిన బోర్డుకు కూడా అది నిక్షేపంగా పాస్ ఇస్తుంది.

డైనమిక్ పద్ధతిలో ఒకరు నడపాలి, మరొకరు స్కానర్ చూడాలి. ఇద్దరి పనీ ఒకరే చేయబోవడం ప్రమాదం. కంపెనీ చెప్పిన వేగంలో, లేన్ గీతలు రెండువైపులా స్పష్టంగా ఉన్న రోడ్డు మీద, ఆగకుండా వెళ్లాలి. గీతలు చెరిగిపోయినా, వాన పడుతున్నా, ఎండ ఎదురుగా కొడుతున్నా, ట్రాఫిక్‌లో ఆగుతూ సాగుతూ ఉన్నా స్కానర్‌లో పని ఎంత అయిందో చూపే శాతం ఒకచోట నిలిచిపోతుంది. అప్పుడు కెమెరా పాడైందనుకుని కొత్తది ఆర్డర్ పెట్టేముందు రోడ్డు మార్చి చూడటం మంచిది. టెస్లా వంటి కార్లలో స్కానర్ అవసరం లేకుండా కెమెరాలు నడుస్తుండగా తమంత తామే సర్దుకుంటాయి, అది పూర్తయ్యేదాకా కొన్ని ఫీచర్లు అందవు.

బండి తీసుకునేటప్పుడు నోటిమాటతో సరిపెట్టుకోవద్దు. స్కానర్ నుంచి వచ్చే రిపోర్టు కాగితం అడగండి. అందులో ఛాసిస్ నంబరు, తేదీ, కిలోమీటర్లు, పనికి ముందు, తర్వాత ఉన్న కోడ్లు, ఏ పద్ధతిలో చేశారన్నది ఉండాలి. బోర్డు పెట్టిన తీరు ఫొటో కూడా ఇచ్చేవాళ్లు పనిమంతులని మా అభిప్రాయం. ఇన్సూరెన్స్ క్లెయిమ్ అయితే మొదటి ఎస్టిమేట్‌లోనే క్యాలిబ్రేషన్‌ను విడి పద్దుగా రాయించాలి, తర్వాత చేర్చమంటే పేచీ వస్తుంది.

అద్దం ఒక్కదానికే ఇదంతా అనుకోవద్దు. కెమెరా విప్పి బిగించినా, గుద్దుకున్న బండి బాగుచేసినా, సస్పెన్షన్ పని చేసినా మాన్యువల్ చూడాల్సిందే. బంపర్ వెనక రాడార్ ఉన్న కార్లలో బంపర్‌కు పుట్టీ మందంగా పెట్టి రంగు వేస్తే రాడార్ చూపు దెబ్బతింటుంది, అది మరో పెద్ద కథ. కెమెరా ముందు స్టిక్కర్లు, సన్ ఫిల్మ్, డ్యాష్‌క్యామ్ పెట్టకూడదు. ఆ భాగంలో రాయి తగిలి చిన్న గాటు పడినా రెసిన్ నింపి సర్దుకోవడం సరికాదు, రెసిన్ దగ్గర వెలుతురు వంగుతుంది.

అద్దం ఒకచోట, క్యాలిబ్రేషన్ మరోచోట చేయించాల్సి వస్తే మధ్యలో నడిపేటప్పుడు ముందు బండిని బట్టి వేగం సర్దుకునే అడాప్టివ్ క్రూజ్, లేన్‌లో నిలిపే లేన్ అసిస్ట్ వాడకండి. ఆటో బ్రేకును మెనూలోకి వెళ్లి ఆపొచ్చు. అయితే చాలా కార్లలో ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేయగానే అది తనంతట తాను ఆన్ అయిపోతుంది, ప్రతిసారీ చూసుకోవాలి.

ఇట్లు,
ఆటోగ్లాస్, డయాగ్నస్టిక్ పనిలో ఉన్న మీ పాఠకులు