బొమ్మను సాగదీస్తే లంబం లంబంగా ఉండదు

సంపాదకులకు నమస్కారం.

మీ విద్యార్థి పేజీలో ఈ మధ్య ఒక లెక్క ఇచ్చారు. 3ఎక్స్ – 4వై + 7 = 0 అనే రేఖకు లంబంగా, (2, –3) బిందువు గుండా పోయే సరళరేఖ సమీకరణం కనుక్కోవాలి. 4ఎక్స్ + 3వై + 1 = 0 అని జవాబు వేశారు. జవాబు సరైనదే. తంటా అంతా పక్కన వేసిన బొమ్మతో వచ్చింది.

నేను లెక్కలు చెప్పి రిటైరైన టీచర్‌ని. మా మనవరాలు ఆ పేజీ పట్టుకొచ్చి, రెండు గీతలు కలిసిన చోట మూలమట్టం ఆనించి, "అమ్మమ్మా, వీళ్లు జవాబు తప్పు వేశారు, ఇది లంబం కాదు" అంది. బొమ్మలో నిజంగానే లంబం లేదు. పేజీలో చోటుకు సరిపడేలా ఎవరో బొమ్మను అడ్డంగా లాగారు. అడ్డం గడి పొడవు నిలువు గడికి రెట్టింపు ఉంది. సమీకరణాన్ని కాకుండా కంటికి కనిపించిన కోణాన్ని నమ్మిన పిల్లను తప్పుపట్టలేం. బొమ్మ వేసేది చూసి నమ్మడానికే కదా!

ఎంత తేడా వస్తుందో లెక్కవేస్తే తెలుస్తుంది. మొదటి రేఖ మీద 4 గళ్లు కుడికి వెళితే 3 గళ్లు పైకి ఎక్కుతాం, అంటే వాలు 3/4. లంబరేఖ మీద 3 గళ్లు కుడికి వెళితే 4 గళ్లు కిందికి దిగుతాం, వాలు –4/3. గళ్లు చతురస్రాలుగా ఉన్న కాగితం మీద ఈ రెండూ కచ్చితంగా 90 డిగ్రీల్లో కలుస్తాయి. అడ్డాన్ని రెట్టింపు చేయగానే మొదటి గీత 8కి 3 ఎక్కుతుంది, రెండోది 6కి 4 దిగుతుంది. ఇప్పుడు కోణమానిని పెడితే సుమారు 54 డిగ్రీలే చూపిస్తుంది. సమాంతర రేఖలకు ఈ బాధ లేదు, ఎంత లాగినా అవి సమాంతరంగానే ఉంటాయి. లంబత్వానికి మాత్రం రెండు అక్షాల మీదా ఒకే స్కేలు కావాలి. అసలు అడ్డంగా కాలాన్ని, నిలువుగా దూరాన్ని చూపే గ్రాఫులో ఒక గీతకు లంబం గీయమంటే ఆ ప్రశ్నకే అర్థం ఉండదు. పాఠాల్లో ఈ సంగతి ఎక్కువగా చెప్పరు.

ఇక సాధన విషయం. "వాలుల లబ్ధం –1 కాబట్టి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. పిల్లలు దాన్ని "తిరగేసి గుర్తు మార్చు" అని బట్టీ పడతారు. పరీక్ష టెన్షన్‌లో అందులో సగమే గుర్తుంటుంది. కొందరు తిరగేసి 4/3 దగ్గరే ఆగిపోతారు, ఇంకొందరు గుర్తు మాత్రం మార్చి –3/4 రాస్తారు. అడ్డం 4, నిలువు 3 ఉన్న లంబకోణ త్రిభుజం ఒకటి గీసి, కాగితాన్ని గడియారం ముల్లు తిరిగే వైపు పావు చుట్టు తిప్పమనండి. అడ్డం పోయి నిలువైంది, నిలువు పోయి అడ్డమైంది. తిరగేయడం అందుకే. ఎక్కుతున్న గీత దిగే గీతగా మారింది. మైనస్ గుర్తు అందుకే. ఇది చేతులారా చేసి చూసిన పిల్లలు ఆ సగం తప్పు చేయడం నేను చూడలేదు.

ఆ సూత్రానికి ఇంకో చిక్కుంది. ఎక్స్ = 4 అనే రేఖకు (–1, 5) గుండా లంబం అడగండి. నిలువు రేఖకు వాలు అనేదే లేదు, కాబట్టి సూత్రంలో వేయడానికి ఏమీ దొరకదు. "వాలు లేదు కనుక లంబరేఖ లేదు" అని రాసిన పేపర్లు నేను చాలా దిద్దాను. బొమ్మ గీస్తే వై = 5 అని వెంటనే కనిపిస్తుంది.

అందుకే నేను క్లాసులో వాలుతో కాకుండా గుణకాలతో మొదలుపెట్టేదాన్ని. ఎక్స్, వై గుణకాలను తారుమారు చేసి, ఒకదాని గుర్తు మార్చాలి. మీ లెక్కలో 3, –4 ఉన్నాయి, అవి 4, 3 అవుతాయి. 4ఎక్స్ + 3వై అని రాసి, అందులో (2, –3) ప్రతిక్షేపిస్తే 8 – 9, అంటే –1. సమీకరణం 4ఎక్స్ + 3వై = –1, పని అయిపోయింది. భిన్నాల గొడవ లేదు, నిలువు రేఖకు వేరే దారి వెతకక్కర్లేదు. ఇచ్చిన బిందువు రేఖ మీదున్నా, బయట ఉన్నా ఇదే పద్ధతి. ప్రాచీన గ్రీకు గణితజ్ఞుడు యూక్లిడ్ తన 'ఎలిమెంట్స్' మొదటి భాగంలో ఈ రెంటినీ 11, 12 ప్రతిపాదనలుగా విడివిడిగా చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే వృత్తలేఖినితో గీసేటప్పుడు పని వేరు. నిరూపకాలతో చేస్తే ఆ తేడా పోతుంది.

మీ బొమ్మలో నాకు లోటుగా తోచింది మరొకటి, లంబపాదాన్ని, అంటే రెండు గీతలూ కలిసే బిందువును, గుర్తించకపోవడం. ఆ రెండు సమీకరణాలనూ కలిపి సాధిస్తే (–1, 1) వస్తుంది. (2, –3) నుంచి అక్కడికి 3 ఎడమకు, 4 పైకి, దూరం సరిగ్గా 5. ఇంత చక్కని సంఖ్యలు కుదిరేలా లెక్క ఎంచుకున్నవారు ఆ చుక్క కూడా పెట్టి ఉంటే పిల్లలు తమ జవాబును తామే సరిచూసుకునేవారు.

ఆ బొమ్మను రెండు అక్షాలకూ ఒకే స్కేలుతో దయచేసి మళ్లీ వేయండి. చోటు చాలకపోతే చిన్నదిగా వేయండి, అడ్డంగా మాత్రం లాగొద్దు. ఎప్పుడైనా తప్పనిసరై స్కేలు మార్చాల్సి వస్తే, బొమ్మ కింద ఆ మాట అచ్చు వేయండి. వచ్చే వారం అభ్యాసంలో ఒక్క నిలువు రేఖ లెక్కయినా ఉండేలా చూడగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయిని