వదినకు ముందు కావలసింది ఆ గది

రాజమహేంద్రవరం,
ఆదివారం రాత్రి

ప్రియమైన లలితకు,

నీ ఉత్తరం గురువారం అందింది. మీ అన్నయ్య పోయి నాలుగు నెలలు నిండకముందే వదినను, పిల్లవాణ్ణి పుట్టింటికి పంపించే మాట మీ ఇంట్లో నడుస్తోందని చదివి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వదినలా హెచ్ఐవీ ఉన్నవారికి ప్రభుత్వం పింఛను ఎంత ఇస్తుంది, ఇల్లు ఏమైనా ఇస్తుందా అని అడిగావు. పదిహేనేళ్లుగా ఈ మందులు వేసుకుంటున్నదాన్ని, ఆ సంగతి తెలిసిన ఒక్కగానొక్క స్నేహితురాలివి నువ్వు. నాకు తెలిసినదంతా రాస్తాను, ఓపికగా చదువు.

ముందు డబ్బు సంగతి చెబుతాను. మన రాష్ట్రంలో హెచ్ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఆరు నెలలు ఆపకుండా వాడినవారికి ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 4,000 రూపాయల పింఛను ఉంది. 2024లో 3,000 నుంచి పెంచారు. అయితే వితంతు పింఛను కూడా సరిగ్గా 4,000 రూపాయలే, ఒక మనిషికి ఏదో ఒక్క పింఛనే ఇస్తారు. అందుకని వదిన చేత వితంతు పింఛనుకే దరఖాస్తు పెట్టించు. భర్త మరణ ధ్రువపత్రం, ఆధార్, రేషన్ కార్డు పట్టుకుని మీ ఊరి సచివాలయానికి వెళితే చాలు, జబ్బు పేరు ఎక్కడా ఎత్తనక్కరలేదు. డబ్బు అంతే వచ్చేటప్పుడు మన సంగతి ఇంకో నలుగురి చేతుల్లో పెట్టడమెందుకు? హైదరాబాదులో మీ చిన్నాన్నగారి దగ్గర ఉంచే ఆలోచన కూడా ఉందని రాశావు. అక్కడి ఆసరా పింఛను 2019 నుంచి 2,016 రూపాయలు, ఆ అద్దెల మధ్య అది ఏ మూలకూ రాదు.

పిల్లవాడి విషయంలో మాత్రం ఆలస్యం చేయకు. మిషన్ వాత్సల్య పథకంలో స్పాన్సర్‌షిప్ కింద పిల్లలకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. పల్లెల్లో కుటుంబానికి ఏడాది ఆదాయం 72,000 రూపాయలు దాటకూడదు. తండ్రి పోయి తల్లి ఒక్కతే పెంచుతున్న పిల్లలు దానికి అర్హులు కాబట్టి ఇక్కడ కూడా జబ్బు ఊసు లేకుండానే పని జరుగుతుంది. జిల్లా బాలల సంరక్షణ అధికారి కార్యాలయంలో అడగాలి. ఇక నెలకు 35 కిలోల బియ్యం వచ్చే అంత్యోదయ కార్డు ఉంది. ఈ జబ్బు ఉన్న పేద కుటుంబాలను అందులో చేర్చాలని కేంద్రం 2009లోనే రాష్ట్రాలకు చెప్పింది. ఏఆర్‌టీ కేంద్రానికి రైల్లో వెళ్లేవారికి రెండో తరగతి టికెట్టు సగం ధరకే దొరుకుతుంది. ఇవన్నీ చిన్నవే అయినా వదులుకోదగినవి కావు.

ఇంటి మాటకు వస్తాను. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ పథకంలో ఇల్లు కట్టుకోవడానికి మన మైదాన ప్రాంతాల్లో లక్షా ఇరవై వేల రూపాయలు ఇస్తారు. ఒకే స్థాయి పేదరికంలో ఉన్నవారి మధ్య వరుస నిర్ణయించేటప్పుడు కుష్ఠు, క్యాన్సర్ రోగులున్న కుటుంబాలతో పాటు హెచ్ఐవీ ఉన్నవారి కుటుంబాలకూ ముందు చోటు ఇవ్వాలని ఆ పథకం నిబంధనల్లోనే ఉంది. కానీ లలితా, జాబితాలో పేరు రావాలి, స్థలం ఉండాలి, పునాది పడిన తరువాత బిల్లు రావాలి. అంతవరకు వదిన ఎక్కడ తల దాచుకుంటుంది? మందులకు అంత వ్యవధి ఉండదు.

ఈ మాట నా అనుభవంతో రాస్తున్నాను. మా ఆయన చనిపోయిన ఏడాది నేను ఇదే ఊళ్లో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. అప్పట్లో మాత్రలు రోజుకు రెండు పూటలు, పన్నెండు గంటల తేడాతో వేసుకోవాలి. సీసా కదిపితే చప్పుడవుతుందని మాత్రల మధ్య దూది కుక్కి, చీటీ చింపేసి, పసుపు డబ్బాలో అడుగున పెట్టి పైన పసుపు పొట్లం పరిచేదాన్ని. ఆ మాత్రలకు పసుపు అంటుకుని నాలుక మీద చేదు, పసుపు కలిసి తగిలేవి. ఒక రోజు ఇంటావిడ పసుపు బదులుకని వచ్చి, నేను చెరువు నుంచి తిరిగి వచ్చేలోపు తనే డబ్బా తీసింది. ఆ నెలాఖరుకు ఖాళీ చేయమన్నారు. ఏడాదిన్నరలో మూడు ఇళ్లు మారాను. నాలుగో చోట, నలుగురం పడుకునే వసారాలో, డబ్బా పెట్టుకోవడానికి ఒక గూడు కూడా లేక రెండు నెలలు మందులు మానేశాను. తరువాత ఆసుపత్రిలో పడ్డాను. మందులు ఆ రోజుల్లోనూ ఉచితమే, 2004 ఏప్రిల్ ఒకటిన దేశంలో మొదలైన నాటి నుంచీ ఉచితమే. నాకు లేనిదల్లా వాటిని పెట్టుకునే చోటు. చివరికి మా పిన్ని తన ఇంట్లో వెనక గది ఇచ్చి, "ఈ గూడు నీది, దీని జోలికి ఎవరూ రారు" అన్న రోజు నుంచి ఒక్క పూట కూడా తప్పలేదు. ఇప్పుడు రోజుకు ఒక్క మాత్రే. ఏడాదికోసారి చేసే వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనబడటం లేదు.

అందుకే వదినకు ఇల్లు ఎక్కడ దొరుకుతుందని వెతకవద్దంటున్నాను. ఆమెకు ఇల్లు ఉంది. మీ నాన్నగారు స్వయంగా కట్టిన ఇల్లు అది, వీలునామా రాయకుండా పోయారు కాబట్టి అమ్మగారికి, అన్నయ్యకు, నీకు సమాన వాటాలు. అన్నయ్య వాటా ఇప్పుడు అమ్మగారికి, వదినకు, పిల్లవాడికి చెందుతుంది. అంటే వదినను పొమ్మనడం ఆమె సొంత ఇంట్లోంచి పొమ్మనడమే. వాటా లేకపోయినా కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు గృహహింస చట్టం ఇస్తుంది. భర్త పోయిన స్త్రీకి కూడా ఆ హక్కు ఉందని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ చట్టం ప్రకారం ఈ జబ్బు కారణంగా ఇల్లు అద్దెకివ్వననడం, ఉండనివ్వకపోవడం వివక్ష. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు, తమకు జబ్బు ఉన్నా లేకపోయినా, ఆ ఇంట్లో ఉండే హక్కు ఉంది. నేను పసుపు డబ్బా దాచుకున్న రోజుల్లో ఈ హెచ్ఐవీ చట్టం ఇంకా రాలేదు. అవసరమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును పెడుతుంది. అయినా మీ ఇంటి గడప దాటి కోర్టుకు వెళ్లే అవసరం రాకూడదనే నా కోరిక. నీకూ వాటా ఉంది కాబట్టి నీ మాటకు ఆ ఇంట్లో విలువ ఉంటుంది. ఈసారి మౌనంగా ఉండవద్దు.

మీ అమ్మగారిని నేను తప్పు పట్టను. కొడుకు పోయిన తల్లి, ఆ దుఃఖానికి ఒక కారణం వెతుక్కుంటోంది, కళ్లెదుట కోడలు కనిపిస్తోంది. కానీ వదినకు వేరే కంచం, వేరే గ్లాసు పెట్టి పెరట్లో బోర్లించి ఉంచుతున్నారని రాశావు చూడు, అది చదివినప్పుడు మాత్రం నాకు కళ్లనీళ్లు ఆగలేదు. కంచం వల్లా, గ్లాసు వల్లా, ఒకే స్నానాల గది వాడటం వల్లా ఇది అంటదు. పిల్లవాడు రోజూ తల్లి పక్కనే పడుకుంటున్నాడు, వాడికి పరీక్షలో ఏమీ లేదని తేలిందని నువ్వే రాశావు కదా.

వచ్చే సోమవారం నేను మందులకు వెళతాను. అక్కడి నుంచి మధ్యాహ్నానికి మీ ఊరు వస్తాను. వదిన కాగితాలన్నీ ఒక సంచిలో పెట్టి ఉంచు, మర్నాడు ముగ్గురం కలిసి సచివాలయానికి వెళదాం. చిన్నప్పటి నుంచి మీ ఇంట్లో నీ పక్కన కూర్చుని తిన్నదాన్నే, నా సంగతి మాత్రం మీ అమ్మగారికి ఇప్పటికీ తెలియదు. ఆ రోజు భోజనాలయ్యాక నేనే చెబుతాను. అప్పటిదాకా నువ్వు ఏమీ అనకుండా, ఎప్పటిలాగే నాకు మీ ఇంటి కంచంలోనే వడ్డించమని చెప్పు.

నీ
సుభద్ర