ఆర్గన్ ఉన్న పాత చర్చిల్లో హీటింగ్ తగ్గించాలి

చలికాలంలో కచేరీ అనగానే జర్మనీలోని పాత చర్చిల్లో హీటర్లు ఒక్కసారిగా ఫుల్లుగా పెట్టేస్తున్నారు, దీనివల్ల వందల ఏళ్ల నాటి ఆర్గన్లు (పైపుల్లోకి గాలి పంపి మోగించే పెద్ద కీబోర్డు వాయిద్యాలు) పాడైపోతున్నాయి. మా ఊళ్లో ఈమధ్య ఒక బరోక్ (17-18 శతాబ్దాల నాటి యూరప్ శైలి) ఆర్గన్ కచేరీకి వెళ్తే లోపల స్వెట్టర్ విప్పేసేంత వేడి, ఆ కాలపు సంగీతకర్త బుక్స్‌టెహూడె రచన వాయిస్తుంటే మామూలు పైపులు ఒక శృతిలో, రీడ్ పైపులు (లోపల లోహపు రేకు కంపించి మోగేవి) ఇంకో శృతిలో, నాదస్వరం పక్కన హార్మోనియం పెట్టినట్టు. గాలి వేడెక్కితే మామూలు పైపుల శృతి పైకి పోతుంది, రీడ్ పైపులు అంతగా కదలవు, ఇది వాయించేవాళ్ల తప్పు కాదు. శృతి మళ్లీ కుదురుతుంది లెండి, కానీ గాలిలో తేమ పోయి విండ్‌చెస్ట్ (పైపులకి గాలి పంచే పెట్టె) చెక్క బీటలిస్తే గాలి పక్కకి లీకై కీ నొక్కకుండానే స్వరం మోగుతుంది, అది కూడా ఆరోజు విన్నాం. ఇలాంటి ఆర్గన్లని ఒకప్పుడు ఎంత జాగ్రత్తగా కాపాడారో చూడండి: హాంబుర్గ్ సెయింట్ యాకోబి చర్చిలో ఆర్గన్ల తయారీదారు ఆర్ప్ ష్నిట్గర్ 1693లో పూర్తిచేసిన ఆర్గన్ ఉంది, 1720లో సంగీతకర్త బాఖ్ ఆర్గన్ వాయించే ఉద్యోగానికి అప్లై చేసింది అక్కడే, 1944లో చర్చి కాలిపోయినా పైపులు, విండ్‌చెస్టులు ముందే విప్పి దాచారు కాబట్టి మిగిలాయి. యుద్ధంలో అంత జాగ్రత్తపడినవాళ్లు ఇప్పుడు హీటర్ దగ్గర పడలేరా? గంటకి ఒకట్రెండు డిగ్రీలకి మించి పెంచకూడదని రూల్ పెట్టాలి, తేమ కొలిచే మీటర్ ఆర్గన్ లోపలే ఉంచాలి, కోట్లు వేసుకుని రమ్మని టికెట్ మీదే రాయాలి, పెద్దవాళ్లకి బల్లల మీద దుప్పట్లు ఇస్తే సరిపోతుంది.