ఆటోనగర్ బాబాయ్‌కీ, నిన్న నా వెనక నిలబడిన అందరికీ

టైమ్ తెల్లవారుజామున మూడున్నర. గుడివాడ నుంచి తెనాలిలో మా ఇంటికి ఇప్పుడే వచ్చాను. సామాను ఇంకా దించలేదు. ఒళ్ళంతా నొప్పులు, కళ్ళు మూసుకుపోతున్నాయి. అయినా పడుకోబుద్ధి కావడం లేదు. ఈ రోజు జరిగింది ఎవరికైనా చెప్పకపోతే నాకు ఊపిరాడదు.

నేను ఫంక్షన్లకి డీజేని. శనివారం రాత్రి మంగళగిరిలో నిశ్చితార్థం. పాట మంచి ఊపులో ఉండగా నా స్టాండ్ మీది షెల్ఫ్ ముందుకు జారింది. దాని మీది కంట్రోలర్, అంటే పాటలు మార్చే, కలిపే పెట్టె, నా ఛాతీకి తగిలి ఆగింది కాబట్టి సరిపోయింది, లేకపోతే కింద గచ్చు మీద పడేది. నాది పయొనీర్ డీడీజే-1000. ఆ ఒక్క పెట్టె కోసం నేను రెండేళ్ళు ఈఎంఐ కట్టాను. ఒక చేత్తో దాన్ని పట్టుకుని, రెండో చేత్తో పాట మారుస్తూ ఆ ఫంక్షన్ ముగించాను.

స్టాండ్ ఆన్‌లైన్‌లో కొన్నది. "40 కిలోలు మోస్తుంది" అని రాశారు, నేను నమ్మాను. ఆ 40 కిలోలు ఏ షెల్ఫ్ మీదో, బరువు మధ్యలో పెడితేనే మోస్తుందా, అంచున పెట్టినా మోస్తుందా, ఎక్కడా రాయలేదు. నా కంట్రోలర్ వెడల్పు 708 మిల్లీమీటర్లు, లోతు 361, బరువు 6 కిలోలు. వచ్చిన షెల్ఫ్ వెడల్పు 600, లోతు 300. కంట్రోలర్ రబ్బరు కాళ్ళు అంచు దాటి గాల్లో ఉండేవి. అమ్మినవాళ్ళని మార్చి ఇమ్మని మూడు వారాలుగా ఫోన్లు చేస్తున్నాను. ప్రతిసారీ కొత్త మనిషి, మళ్ళీ మొదటి నుంచి ఫొటోలు పంపాలి. నిన్న ఆటోనగర్‌లో స్టాండ్ బాగు చేయించుకుంటూ, దానికి బెజ్జాలు వేయించుకుంటూ ఉండగా మెసేజ్ వచ్చింది, "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని. ఎవరు పరిష్కరించారు? అక్కడ చెమటలు కక్కుతూ డ్రిల్లింగ్ మెషిన్ పట్టుకున్న పెద్దాయన పరిష్కరించారు. డబ్బు తీసుకున్నవాళ్ళు కాదు.

ఆదివారం రాత్రి గుడివాడలో రిసెప్షన్. అడ్వాన్స్ తీసుకున్నాను, రానని చెప్పలేను. పొద్దున్నే స్టాండ్ బండిలో వేసుకుని విజయవాడ ఆటోనగర్ వెళ్ళాను. ఆదివారం కదా, నేను వెళ్ళిన వీధిలో షెడ్లన్నీ మూసే ఉన్నాయి. లారీ బాడీలు కట్టే ఒక షెడ్‌లో మాత్రం ఒక పెద్దాయన ఒక్కరే కూర్చుని పాత బోల్టులు ఏరుకుంటున్నారు. సంగతంతా చెప్పాను. "ఇవాళ సెలవు అబ్బాయ్" అన్నారు. సరేనని స్టాండ్ ఎత్తబోతుంటే నా చేతులు వణకడం చూసినట్టున్నారు. "ఆగు. టీ తాగావా?" అని అడిగారు. ఆ మాటకే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆయన మొదట స్టాండ్ వైపే చూడలేదు. నన్ను నిటారుగా నిలబడమని, చేతులు ముందుకు చాపి నేను వాయించేటప్పుడు ఎలా ఉంటానో అలా పెట్టమన్నారు. టేపుతో నేల నుంచి మోచేయి దాకా కొలిచారు. 42 అంగుళాలు వచ్చింది. కంట్రోలర్ ఎత్తు దాదాపు 3 అంగుళాలు. దాని పైభాగం మోచేయి కంటే ఒక 2 అంగుళాలు కిందకి ఉండాలని చెప్పి, పలక ఎత్తు 37 అని సుద్దతో గోడ మీద రాశారు. ఇన్నాళ్ళూ నేను 33 ఎత్తులోనే పెట్టుకుని వాయించాను. నాలుగేళ్ళుగా నా నడుం నొప్పి ఎందుకో అప్పుడు తెలిసింది. ఏ డాక్టరూ అడగని ప్రశ్న అది.

తర్వాత షెల్ఫ్ సంగతి. మెరుస్తుంది కదా అని నేను అక్రిలిక్ వేయిద్దామనుకున్నాను. వద్దన్నారు. బోల్టు దగ్గర చీలుతుందని, పాటలో బేస్ మోత అదురుకి అసలు ఆగదని చెప్పారు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క తీసి 30 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల లోతుకి కోశారు. వెనక వైర్ల పిన్నులు వంగకుండా ఉండడానికి ఆ లోతు. ముందు అంచుకి అడ్డుగా చిన్న బీడింగ్ పట్టీ కొట్టారు, ఇక జారే ప్రసక్తే లేదు. ల్యాప్‌టాప్‌కి 12 మిల్లీమీటర్ల పలక చాలన్నారు. దాన్ని వెనక్కి తోస్తే స్టాండే వెనక్కి ఒరుగుతుందని లోపలికి జరిపి, వెనక కాళ్ళు 4 అంగుళాలు పొడిగించి వెల్డింగ్ పెట్టారు. స్టెబిలైజర్, యాంప్లిఫయర్ అన్నిటికన్నా కింది అరలోకి. "బరువు కింద ఉంటేనే బండి తిరగబడదు" అన్నారు. లారీలు కట్టిన చేతులు కదా, ఆయనకి అది లెక్క కాదు, అలవాటు.

షెల్ఫులకి మాత్రం వెల్డింగ్ పెట్టలేదు. "రోజుకో ఊరు తిరిగేవాడివి, విప్పాలి, బిగించాలి" అని 8 మిల్లీమీటర్ల బోల్టులు, అదురుకి వదులు కాని నైలాన్ నట్లు వేశారు. పైపుకీ చెక్కకీ మధ్య పాత లారీ ట్యూబు కోసి రబ్బరు ముక్కలు పెట్టారు. అవసరమైతే ఎత్తు మార్చుకోవడానికి బెజ్జాలు పొడుగ్గా చేశారు. వైర్లు తెగకుండా ఆ బెజ్జాల అంచులన్నీ ఆకురాయితో నున్నగా అరగదీశారు. నేను తొందరపడుతున్నాను, ఆయన పడలేదు.

అంతా అయ్యాక నా స్పీకర్ పెట్టించి, సౌండ్ పూర్తిగా పెంచమన్నారు. స్టీలు గ్లాసులో నిండా నీళ్ళు పోసి కొత్త షెల్ఫ్ మీద పెట్టి, ఎదురుగా గొంతుక్కూర్చుని చూశారు. నీళ్ళు వణికాయి గానీ ఒక్క చుక్క ఒలకలేదు. అప్పుడు నవ్వారు.

సామానుకి 1,850 రూపాయలు తీసుకున్నారు. కూలి ఎంత అంటే, "సెలవు రోజు కూలి ఏంటి?" అన్నారు. బలవంతంగా జేబులో పెడితే తీసి నా చేతిలో పెట్టేశారు. తన క్యారియర్‌లో అన్నం, దోసకాయ పప్పు నాకు సగం పెట్టారు. పేరు రాస్తానంటే వద్దన్నారు, అందుకే బాబాయ్ అని మాత్రమే రాస్తున్నాను.

కంకిపాడు మీదుగా గుడివాడ చేరి, రాత్రి పదింటికి రూల్ ప్రకారం సౌండ్ ఆపాను. పది దాటి ఐదు నిమిషాలకి ఫోన్ మోగింది. బాబాయ్. "కదిలిందా అబ్బాయ్?" అని ఒక్కటే అడిగారు. "లేదు బాబాయ్" అన్నాను. "సరే, పడుకుంటాను" అని పెట్టేశారు. ఆ మాట తెలుసుకోవడానికి అంతసేపూ మేలుకుని ఉన్నారు. స్టేజీ వెనక్కి వెళ్ళి కూర్చుని ఏడ్చాను. మూడు వారాల్లో నా స్టాండ్ ఎలా ఉందని అడిగిన మనిషి ఆయనొక్కరే.

మా ఆవిడ, నాన్న, మా బావమరిది రాత్రంతా నాతోనే ఉన్నారు. వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

అయ్యో, మరిచాను. ఆదివారం అయినా సగం షటర్ ఎత్తి నల్ల స్ప్రే డబ్బా ఇచ్చిన పెయింట్ షాపు అన్నకి థాంక్స్. ఎందుకైనా మంచిదని తన టేబుల్ గుడివాడ దాకా పంపించిన మా ఊరి ఇంకో డీజే తమ్ముడికి కూడా. ఇద్దరం ఒకే ఫంక్షన్లకి పోటీ పడతాం, అయినా అడగ్గానే పంపాడు. తన ట్రైపాడ్ జరుపుకుని నాకు జాగా ఇచ్చిన ఫొటోగ్రాఫర్ గారికి, జనరేటర్ కుర్రాడికి, బాబాయ్ షెడ్‌కి మూడుసార్లు టీ తెచ్చిన చిన్నమ్మకి కూడా. ఇంకెవరైనా మిగిలితే క్షమించండి, లేచాక రాస్తాను.

బాబాయ్, మీ 13 నంబరు స్పానర్ నా సామానుతో వచ్చేసింది. ఇప్పుడే చూశాను. మంగళవారం పొద్దున తెచ్చి ఇస్తాను.