ముక్తినాథ్ వెళ్లే ముందు ఆ జిరాక్స్ షాపు అన్నయ్యకి

రేపు రాత్రికి ఆమదాలవలసలో మా రైలు. అమ్మ పడుకుంది. నాకు ఒళ్లంతా నొప్పులు, అయినా నిద్ర పట్టట్లేదు, బయలుదేరే లోపు ఇది రాసెయ్యాలి.

మా దేవుడి గూట్లో ఉన్న సాలగ్రామం గండకీ నదిలోది. అది పుట్టిన చోటు చూడాలి, ముక్తినాథ్‌లో (నేపాల్ కొండల్లోని గుడి) ఆ 108 ధారల కింద తల తడుపుకోవాలి అని నాన్న పోయినప్పటి నుంచి అమ్మ కోరిక. సెప్టెంబరు 12కి టికెట్లు తీశాం. 9న ఖాట్మండులో గొడవలు, విమానాశ్రయం మూసేశారు, మన వైపు వాళ్లు కూడా అక్కడ చిక్కుకుపోయారని టీవీలో చూసి మానుకున్నాం. మళ్లీ అక్టోబరు 28కి తీస్తే మొంథా తుపాను, రైలు రద్దు. కట్టిన సంచి రెండుసార్లు విప్పి సర్దుకుంది అమ్మ, ఒక్క మాట అనలేదు.

ఇంతకీ అసలు టెన్షన్ ఓటరు కార్డుతో. అమ్మకి పాస్‌పోర్టు లేదు. నేపాల్‌కి ఆధార్ చెల్లేది 65 దాటిన వాళ్లకీ, 15 లోపు పిల్లలకీ మాత్రమే, అమ్మకి 63. ఇక ఓటరు కార్డే దిక్కు. అందులో చూస్తే అమ్మ పేరు స్థానంలో ఇంకెవరి పేరో ఉంది. ఆఫీసుకి నాలుగుసార్లు తిరిగాం. సర్వర్ లేదన్నారు, సారు మీటింగ్‌లో ఉన్నారన్నారు, రేపు రమ్మన్నారు. మోకాళ్ల నొప్పులున్న మనిషిని కూర్చోమని కూడా అనలేదు. తప్పు వాళ్లది, తిరిగేది మేము. ఇది నాకు ఇప్పటికీ మండుతూనే ఉంది.

నాలుగో రోజు శ్రీకాకుళం బస్టాండు కాంప్లెక్స్ దగ్గర జిరాక్స్ తీయించుకుంటుంటే షాపాయన కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "దీనితో బోర్డర్‌లో ఆపేస్తారమ్మా, కూర్చోండి" అని అమ్మకి తన కుర్చీ ఇచ్చేశారు. ఓటరు కార్డులో తప్పు దిద్దమని అడిగే ఫారం 8 ఆయనే ఆన్‌లైన్‌లో పెట్టారు, డబ్బులు తీసుకోలేదు. ఎక్కడిదాకా వచ్చిందో చూసి ఆయనే ఫోన్ చేసేవారు. కొత్త కార్డు వచ్చిందని చూపించడానికి మొన్న వెళ్తే గల్లాలోంచి రబ్బరు బ్యాండు వేసిన కట్ట తీశారు. అన్నీ వంద నోట్లే, తొంభై. నేపాల్లో మన వంద నోట్లయితే ఇబ్బంది ఉండదని, మా కోసం వారం నుంచి ఏరి పెట్టారట! మా ఐదొందల నోట్లు తీసుకుని ఆ కట్ట ఇచ్చాక, పసుపు గుడ్డలో ముడివేసిన రూపాయి బిళ్ల అమ్మ చేతిలో పెట్టి, "మా అమ్మ కూడా వెళ్లాలనుకునేది, కుదర్లేదు పిన్నిగారూ, ఇది అక్కడ హుండీలో వెయ్యండి" అన్నారు. నేను షాపు ముందే ఏడ్చేశాను. అన్నయ్యా, మీకు నేనేమివ్వగలను?

మా అన్న టికెట్లు చూశాడు, మా ఆయన సెలవు పెట్టి ఇంట్లో పిల్లల్ని చూస్తున్నారు.

అయ్యో, బీపీ మాత్రలు పైన కొండల్లో ఎలా వేసుకోవాలో కాగితం మీద రాసిచ్చిన డాక్టరమ్మకి, రెండు స్వెట్టర్లిచ్చిన పక్కింటి అక్కకి, తుపాను రోజు స్టేషన్ నుంచి ఆ వానలో మమ్మల్ని ఇంటి గుమ్మం దాకా దింపిన ఆటో తమ్ముడికి కూడా... నీ పేరు అడగలేదు తమ్ముడూ, ప్రసాదం నీకూ తెస్తాం.