డెట్రాయిట్ మేయర్ గారికి బహిరంగ లేఖ

మేయర్ గారికి నమస్కారం.

నేను మీ నగర శివార్లలో ఉండే తెలుగువాణ్ని. మాకు గోంగూర కూడా పది నిమిషాల్లో దొరుకుతుంది. నల్లజాతివారే ఎక్కువగా ఉండే మీ నగరంలో ఎన్నో పేటలకు తాజా కూరల కొట్టే దగ్గర్లో లేదు. మీ నగర ఆహార ఉద్యమకారుడు మలిక్ యాకిని దీన్ని జాతి వివక్షగానే చూశారు. 2006లో నల్లజాతివారి ఆహార భద్రత కోసం సంఘం పెట్టి, రూజ్ పార్కులో 7 ఎకరాల డి-టౌన్ పొలాన్ని నిలబెట్టారు. ఆ సంఘం చొరవతోనే వుడ్‌వార్డ్ అవెన్యూలో సభ్యులే యజమానులైన సహకార కిరాణా 2024లో తెరుచుకుంది. సంఘం నుంచి దుకాణం దాకా 18 ఏళ్లు! మరో పేటను అన్నేళ్లు ఆగమనకండి.

నగరం చేతిలో వేల ఖాళీ స్థలాలున్నాయి. సాగుచేస్తున్న నల్లజాతి రైతులకు వాటిని హక్కు పత్రాలతో ఇవ్వండి. ఎప్పుడు ఖాళీ చేయమంటారో తెలియని నేలలో పండ్ల మొక్క ఎవరు నాటుతారు?

మీ జవాబు కోసం చూస్తాను.

ఇట్లు,
మీ పొరుగువాడు