కిందపడిన పిట్టను ఎక్కడికి తీసుకుపోవాలి?

సంపాదకులకు నమస్కారం.

మార్చిలో ఒక ఆదివారం, రోడ్డుకు అడ్డమని మా వీధి చివర చింతచెట్టు కొట్టేశారు. తొర్రలోంచి రెండు పగిడికంటె పిల్లలు కిందపడ్డాయి. సాయంత్రం పూట కరెంటు తీగ మీద కూర్చుని తల ఊపుతూ మనల్నే గుడ్లు మిటకరించి చూసే చిన్న గుడ్లగూబ ఉంటుంది చూడండి, అదే. కొంగులో వేసుకుని ఇంటికి తెస్తుంటే పక్కింటామె గేటు దగ్గరే ఆపింది, "అక్కా, గుడ్లగూబను ఇంట్లోకి తెస్తే ఇల్లు పాడుబడతాది, యాడన్నా వదిలేసి రాపో" అని. ఆమెకు సర్దిచెప్పి లోపలికొచ్చి నేను చేసిన ఘనకార్యం ఏమంటే, ఫిల్లర్‌తో పాలు పట్టడం.

గంటలో ఒకటి చచ్చిపోయింది. ముక్కు దగ్గర పాల బుడగలు. పిట్టలకు నాలుక మొదట్లోనే గాలి పోయే రంధ్రం ఉంటుంది, మనం పైనుంచి పోసిందేదైనా, మంచినీళ్లయినా సరే, అందులోకి దిగిపోతుంది. పాలైతే వాటికి అరగవు కూడా. ఇదంతా నాకు ఆ సాయంత్రం తెలిసింది.

పాలు పట్టకముందు ఫోన్లు చెయ్యలేదా అంటే చేశాను. ఒకచోట "బర్రెలు, గొర్రెలు, కుక్కలైతే చూస్తాం, పిట్టలకు మా దగ్గర ఏమీ లేదమ్మా" అన్నారు. ఇంకోచోట రేపు తెచ్చివ్వమన్నారు. పాపం వాళ్లను తిట్టి లాభం లేదు, నిజంగానే వాళ్ల దగ్గర ఒక బోను లేదు, పిట్టకు కట్టు కట్టడం నేర్చిన మనిషి లేడు. కానీ చట్టం ప్రకారం అడవి పక్షి మన చేతికొస్తే 48 గంటల్లోపు అధికారులకు చెప్పాలి. చెప్తాం సరే, చెప్పాక దాన్ని చూసేదెవరు?

రెండోది బతికింది. బెంగళూరులో పక్షుల వైద్యశాలకు సాయానికి పోయే మా తమ్ముని కొడుకు ఫోన్లో చెప్పాడు: చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో పాత గుడ్డ పరిచి చీకట్లో ఉంచు, ఏమీ తాపొద్దు, మాటిమాటికీ తెరిచి చూడొద్దు, పొద్దుగూకేలోపు ఆ పక్క వేపచెట్టుకు గంప కట్టి అందులో పెట్టు అని. మనిషి చెయ్యి తగిలితే తల్లి రాదంటారే అన్నాను. అదంతా ఉత్తదేనత్తా అన్నాడు. చీకటిపడే వేళకు తల్లి ఏదో పురుగు నోట కరుచుకుని గంప మీద వాలింది. నేను మేడ మీద గోడచాటున కూర్చుని చిన్నపిల్ల మాదిరి ఏడ్చాను, చెప్పుకుంటే సిగ్గే.

అతనే ఇంకో మాట చెప్పాడు. ఈకలన్నీ వచ్చి, తోక పొట్టిగా ఉండి, నేల మీద గెంతుతుండే గోరింక పిల్లల్నీ పిగిలిపిట్ట పిల్లల్నీ మనం అనాథలనుకుని ఇంటికి తెచ్చేస్తాం. అవి ఎగరడం నేర్చుకుంటున్నాయి, తల్లీ తండ్రీ ఆ పక్కనే ఉంటారు. పిల్లీ కుక్కా రాకుండా చూసి, ఏ పొద మీదో పెట్టి వదిలేస్తే చాలు. మన చేతిలోనే పెరిగితే మనిషినే తల్లనుకుంటుంది, తిండి వెతుక్కోవడం చేతకాక బయట బతకదు.

రెక్క విరిగినవాటి సంగతి వేరు, వాటికి డాక్టరు కావాల్సిందే. గాలిపటాలకు కట్టే నైలాన్ మాంజా దారాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది. అయినా సంక్రాంతి వస్తే మా మిద్దెల మీద ఆ దారమే. రెక్క తెగిన గద్దకు కుట్లు వేస్తే సరిపోదు, పెద్ద జాలీ గదిలో కొన్నాళ్లు ఎగరనిచ్చి, సొంతంగా వేటాడి తినగలదని చూశాకే వదలాలి.

1900 తర్వాత ఎవరికంటా పడని కలివికోడి అనే అరుదైన పక్షి 1986లో మళ్లీ దొరికింది మన కడప జిల్లాలోనే. అప్పుడు పట్టుకున్న పక్షి కూడా కొద్దిరోజులకే చేతుల్లో చనిపోయింది. తర్వాత దాని కోసం లంకమల అభయారణ్యం పెట్టారు, తెలుగుగంగ కాలువ దారినే మార్చారు. కాలువను మళ్లించిన జిల్లాలో ఒక గది దొరకదా? జిల్లా పశువైద్యశాలలో ఒక గది, నాలుగు బోన్లు, పక్షుల వైద్యంలో శిక్షణ ఇప్పించిన ఒక డాక్టరు, ఆదివారం కూడా ఎత్తే ఒక ఫోను. నేను అడిగేది ఇంతే. చెట్లు కొట్టే కాంట్రాక్టర్లకు కూడా, రంపం పెట్టేముందు తొర్రలు చూడమని కాగితం మీద రాసివ్వాలి.

మీ జిల్లా పేజీలో రక్తనిధి, అంబులెన్స్ నంబర్లు వేస్తుంటారు కదా. ఆ గదీ ఫోనూ వచ్చిన రోజున దాని నంబరు కూడా వాటి కిందే వేయండి, ఎండాకాలంలో రోజూ వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, కడప